దాదీసాని ఇష్టపడవచ్చా?

సురేఖా సిక్రీ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఒక ప్రశ్న అడ్డం పడుతోంది. ఆమె చేసిన పాత్రల్లో దేశమంతా గుర్తుపెట్టుకున్నది ‘బాలికా వధూ’లోని కల్యాణీదేవి, అందరి నోటా దాదీసా. పసిపిల్లని మనవడికి పెళ్ళాంగా తెచ్చి, చదువు ఎందుకన్న స్త్రీ. పేదింటి పిల్లని డబ్బు పోసి తెచ్చి, వయసు మీరిన కొడుక్కి రెండో పెళ్ళి చేసిన స్త్రీ. హవేలీలో పితృస్వామ్యం తరఫున కూర్చుని తీర్పులు చెప్పే మనిషి. అలాంటి మనిషి తెరమీదికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం, వచ్చాక ఇంకెవరి వైపూ చూడలేకపోవడం, ఆమె కళ్ళలో తడి కనబడితే మన గొంతులో ఏదో అడ్డుపడటం... ఈ అనుభవానికి స్త్రీవాదిగా నేను ఏం పేరు పెట్టాలి?

నటిని మెచ్చుకుంటున్నాను, పాత్రని కాదు అని తప్పించుకోవచ్చు. సాహిత్య విమర్శలో మనం రోజూ చేసే పనే అది. కానీ ఇక్కడ అది చెల్లదు. నేను ఇష్టపడింది ఆవిడ నటన అనే విడి వస్తువుని కాదు, ఆ నటన వల్ల నాకు అర్థమైన ఒక మనిషిని. క్రూరంగా ప్రవర్తించే స్త్రీని లోపలినుంచి చూడగలిగాను. చూశాక మునుపటిలా ద్వేషించలేకపోయాను. అక్కడే భయం వేసింది. ఒకరిని అర్థం చేసుకోవడం మొదలుపెడితే క్షమించేదాకా వెళ్ళి తీరాల్సిందేనా? వాళ్ళ చేతుల్లో నలిగిన ఆడపిల్లలకి నా అర్థం చేసుకోవడం ఎలా వినిపిస్తుంది?

సురేఖ 1945లో పుట్టింది. బాల్యం అల్మోరా, నైనిటాల్ కొండల్లో, చదువు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో. తర్వాత ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. అది ఇబ్రహీం అల్కాజీ డైరెక్టరుగా ఉన్న కాలం. 1971లో అక్కడినుంచి బయటికొచ్చి, ఆ స్కూలు రెపర్టరీ కంపెనీలోనే పదేళ్ళకు పైగా నాటకాలాడింది. సినిమాల్లోకి 1978లో ‘కిస్సా కుర్సీ కా’తో వచ్చింది. దాదీసాగా ఇంటింటికీ తెలిసేనాటికి ఆమెకి అరవైమూడేళ్ళు. తెరమీద ఆడవాళ్ళ వయసుకి మన దేశంలో ఉన్న లెక్కల ప్రకారం అది సర్దుకుని ఇంటికెళ్ళే వయసు. ఆమె విషయంలో లెక్క తిరగబడింది.

నన్ను అడిగితే ఆమెని చూడటం దాదీసాతో కాక రాజోతో మొదలుపెట్టాలంటాను. భీష్మ సాహనీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ 1988లో దూరదర్శన్‌లో వచ్చింది. ప్రసారం ఆపమంటూ వేసిన కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి వీగిపోయింది. దేశ విభజనకి ముందు పంజాబులో అల్లర్లు. ఊరు వదిలి పారిపోతున్న ముసలి సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతో ఒక ముస్లిం ఇంటి తలుపు తడతారు. హర్నామ్ సింగ్‌గా నటించింది సాహనీయే, బంతోగా దీనా పాఠక్. తలుపు తీసిన గృహిణి రాజో, అంటే సురేఖ. ఇంట్లో మగవాళ్ళు లేరు. ఎక్కడికెళ్ళారో ఆమెకి తెలుసు. వాళ్ళు తిరిగొస్తూ తెచ్చిన దోపిడీ సొత్తులో ఉన్న ట్రంకుపెట్టె ఈ దంపతులదే.

ఈ ఘట్టం గురించి రాసినవాళ్ళు సాధారణంగా మానవత్వం అనే మాట వాడతారు. సురేఖ ముఖం చూస్తే నాకు అంత సులువైన మాట తోచదు. రాజో దేవత కాదు. ఆ దోపిడీ సొత్తు వచ్చి చేరేది ఆమె ఇంటికే. భర్తనీ కొడుకునీ ఆమె ఆపలేదు, బహుశా ఆపగలనని అనుకోనూ లేదు. ఆమెకి చేతనైంది ఒక్కటే: తలుపు. తీయనూవచ్చు, వేయనూవచ్చు. తీస్తే ఏమవుతుందో తెలుసు. తీయకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ తటపటాయింపుని సురేఖ దాచదు, అందంగా కూడా చేయదు. ముందు ఆ ముఖంలో కనబడేది కరుణ కంటే విసుగు, భయం, ఈ పీడ నా గుమ్మంలోకే రావాలా అన్న చిరాకు. వాటిమధ్యనుంచే తలుపు తెరుచుకుంటుంది. మంచితనం మంచివాళ్ళ సొత్తు అనే భ్రమ ఆ కొద్ది నిమిషాల్లో పోతుంది. ఆ పాత్రకి ఆమెకి ఉత్తమ సహాయ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. శ్యామ్ బెనెగల్ ‘మమ్మో’ (1994)లో ఫయ్యాజీకి అదే అవార్డు రెండోసారి. అక్కడా అంతే. విభజన అవతలి ఒడ్డున పడేసిన చెల్లెలు వీసా పట్టుకుని బొంబాయి వస్తే, ఆనందంతోపాటు అలసట కూడా కనబడే అక్క. ప్రేమ ఉన్నచోట విసుగు ఉండకూడదన్న నియమం ఆమె పాత్రలకి లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ రాజోని చూశాక, ఇరవై ఏళ్ళ తర్వాత అదే నటి హవేలీ తలుపులు మూయించే దాదీసాగా రావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. ఇంటి తలుపు మీద ఒక ముసలి ఆడమనిషికి ఉండే అధికారం ఎంత, దాన్ని ఎటు తిప్పుతుంది అన్నదే రెండుచోట్లా ప్రశ్న.

‘బాలికా వధూ’ 2008 జూలైలో కలర్స్ చానల్‌తోపాటే మొదలై 2016 దాకా, రెండువేలకు పైగా ఎపిసోడ్లు నడిచింది. రాజస్థాన్ పల్లెలో బాల్య వివాహం కథ. తెలుగులోకి ‘చిన్నారి పెళ్లికూతురు’గా మా టీవీలో వచ్చింది. ఆనందిగా చేసిన అవికా గోర్ 2013లో ‘ఉయ్యాలా జంపాలా’తో మన సినిమాల్లోకీ వచ్చింది. నేను దాదీసాని మొదట చూసింది ఈ తెలుగు రూపంలోనే. అంటే ముఖం సురేఖది, గొంతు పేరు తెలియని ఒక తెలుగావిడది. డబ్బింగ్ చెప్పే ఆడవాళ్ళ శ్రమ గురించి ఎవరైనా విడిగా రాయాలి. ఆ గొంతు గయ్యాళి అత్త గొంతు. మనకి అలవాటైన ఎత్తులో, అలవాటైన విరుపులతో ఉండేది. తర్వాత హిందీలో విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. సురేఖ దాదాపు అరవదు. గొంతు తగ్గిస్తుంది. మాట మధ్యలో ఆగుతుంది. ఎదుటివాళ్ళు ఆ ఆగిన చోట వణుకుతారు. నాటకరంగంలో ఏళ్ళ తరబడి సాన పట్టిన ఉచ్చారణ అది. గయ్యాళితనం అనగానే మనం ఊహించుకునేది అదుపు తప్పిన స్త్రీని. సురేఖ చూపించింది పూర్తిగా తన అదుపులో ఉన్న స్త్రీని. ఈ తేడా చిన్నది కాదు. ఆవేశంలో చేసిందంటే సగం తప్పు మాఫీ అవుతుంది. తెలిసి చేసిందంటే కాదు.

నేను పీజీ చదివే రోజుల్లో సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఆ సీరియల్ తప్పనిసరి. అమ్మమ్మకి పన్నెండో ఏట పెళ్ళయింది. పద్నాలుగేళ్ళ లోపు పెళ్ళి నేరమని శారదా చట్టం 1929లోనే చెప్పినా, గోదావరి పల్లెల్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తొలిరోజుల్లో అత్తగారి చేతుల్లో తను పడ్డ కష్టాలు అమ్మమ్మ కథలుగా చెప్పేది. మామయ్య భార్య, మా అత్తయ్య, ఆ సీరియల్ ఎప్పుడూ కూర్చుని చూడలేదు. ఆ టైముకి అమ్మమ్మకి పుల్కాలు చేయాలి. వంటింటి గడప దగ్గరనుంచి వినేది. అమ్మమ్మ అత్తయ్యని ఎలా చూసిందో ఆ ఇంట్లో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. నన్ను మాత్రం ఒడిలోంచి దించలేదు. ఆ రెండూ ఒకే మనిషి.

సీరియల్లో దాదీసా మారడం మొదలుపెట్టాక ఇంట్లో అందరం సంతోషించాం. అమ్మమ్మ మాత్రం, “ఆవిడ మారితే ఆవిడకి మంచిదేలే. ఆ గెహనాకి పోయిన ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారే?” అంది. కొని తెచ్చిన ఆ రెండో పెళ్ళి పిల్ల పేరే గెహనా. నేను అబ్బురపడ్డాను. ఇంత నిశితమైన మాట నా క్లాసులో కూడా ఎవరూ అనలేదు. వంటింటి వైపు చూస్తే అత్తయ్య పుల్కా కాలుస్తోంది, తల ఎత్తలేదు. ఇంకోరోజు నేనే, “పాపం దాదీసా కూడా చిన్నప్పుడు పడే ఉంటుంది కదత్తయ్యా” అన్నాను. “పడ్డవాళ్ళంతా పెట్టరు తల్లీ” అంది అత్తయ్య. అంతే అంది.

నా చదువంతా కలిపినా ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలవడానికి సరిపోలేదు. అమ్మమ్మ గెహనాలో తనని చూసుకుంది. అత్తయ్యా గెహనాలోనే తనని చూసుకుని ఉంటుంది. దాదీసాలో తనని చూసుకున్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. మీ ఇళ్ళలో ఉన్నారా?

2000 నుంచి 2008 దాకా దేశమంతా చూసిన ఒక సీరియల్ పేరులోనే ఒక సిద్ధాంతం ఉంది: ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’. ఎందుకంటే అత్త కూడా ఒకప్పుడు కోడలే. ఆ పేరులో నన్ను ఇబ్బంది పెట్టేది అత్తా కోడలూ కాదు, ‘ఎందుకంటే’. ఒకప్పుడు కోడలు అన్నది వాస్తవం. ‘ఎందుకంటే’ దాన్ని కారణంగా మారుస్తుంది, ఆ కారణం మెల్లగా సాకు అవుతుంది. అత్తయ్య తిప్పికొట్టింది ఆ మాటనే.

డెనిజ్ కాండియోటి 1988లో పితృస్వామ్యంతో బేరసారాల గురించి రాసిన వ్యాసం మనలో చాలామంది చదివిందే. మన ప్రాంతాన్ని కూడా కలుపుకుని ఆమె చెప్పిన నమూనాలో, కొత్తకోడలిగా స్త్రీ పడే కష్టానికి ప్రతిఫలం ఆమె అత్తగా మారాక కోడళ్ళమీద వచ్చే పెత్తనం. నేను దాన్ని చీటీపాటలాగా అర్థం చేసుకున్నాను. చిన్నప్పటినుంచీ వాయిదాలు కట్టింది. ముసలితనంలో పాట తనకి వచ్చింది. ఇప్పుడు ఎవరో వచ్చి చీటీ రద్దు, ఆడపిల్లలు చదువుకోవాలి, అంటే కట్టినదంతా పోయినట్టే కదా. అందుకే మార్పుకి అందరికంటే గట్టిగా అడ్డుపడేది ముసలావిడే కావడం వింత కాదు. ‘ఆడదానికి ఆడదే శత్రువు’ అనే మాటకి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. చీటీ నడిపేవాడు ఎక్కడా కనబడడు, సభ్యులిద్దరూ కొట్టుకుంటారు.

అయితే కాండియోటి చెప్పింది వ్యవస్థ గురించి. అత్తయ్య చెప్పింది మనిషి గురించి. చీటీ కట్టినవాళ్ళలో కొందరు పాట వద్దనుకుంటారు. వాళ్ళున్నారు, ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళు ఉండబట్టే మిగిలినవాళ్ళని బాధ్యులంటాం. బాధితురాలే బాధపెట్టేదైనచోట తీర్పు ఎలా చెప్పాలన్న ప్రశ్నకి ప్రీమో లెవీ నాజీ క్యాంపుల సందర్భంలో బూడిదరంగు ప్రాంతం అని పేరు పెట్టాడు. ఆ పోలికని వంటింట్లోకి లాక్కురావడం నాకిష్టం లేదు. అక్కడి చావుల ముందు మన చీటీపాటలు ఆగవు. కానీ ఆయన పట్టుబట్టిన ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడా అవసరమే: తీర్పు చెప్పడానికి తొందరపడకపోవడం వేరు, హింసించినవాళ్ళనీ హింస పడ్డవాళ్ళనీ ఒకే గాట కట్టడం వేరు.

మన సూర్యకాంతం ఇక్కడ గుర్తురాక తప్పదు. ‘గుండమ్మ కథ’ (1962) చూసి పెరిగిన తరాలు మనవి. ఆమె పేరు ఆడపిల్లలకి పెట్టడానికి జనం జంకారంటే అంతకంటే పెద్ద బిరుదు ఇంకేముంటుంది! సూర్యకాంతం అత్తని మనం నవ్వుతో జయించాం. చివర్లో ఆమె ఓడిపోతుంది, అందరూ కలిసి ఫొటో దిగుతారు. నవ్వు ఒకరకమైన క్షమాభిక్ష. సురేఖ ఆ నవ్వుకి చోటివ్వలేదు. దాదీసాని చూసి నవ్వలేం.

సీరియల్ మాత్రం క్షమించమని మనల్ని చాలా అడిగింది. ఎపిసోడ్ చివర తెరమీద నీతివాక్యం పెట్టి మరీ అడిగింది. కల్యాణీదేవి క్రమంగా మారింది. మనవడు జగదీశ్ ఆనందిని వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆనంది పక్కన నిలబడింది. ఆమెకి మరో పెళ్ళి చేసింది. 2008లో ఇండియన్ టెలీ అవార్డు ఆమెకి ప్రతినాయిక పాత్రకిచ్చారు, 2011లో అదే పాత్రకి సహాయ నటి అవార్డు. మూడేళ్ళలో ప్రతినాయిక సహాయకురాలైంది. చానల్ దృష్టిలో లెక్క సరిపోయింది. ఆ మార్పు నిజమేనా అని నేను అడగడం లేదు, ముసలివాళ్ళు మారతారు. మారిన మనిషికి దండ వేసే తొందరలో గెహనా పక్కకి పోయిందన్నదే నా అభ్యంతరం. క్షమించే హక్కు ఒకవేళ ఉంటే అది గెహనాది. రోజూ రాత్రి సోఫాలో కూర్చుని చూసే నాది కాదు. నా కళ్ళు తడవడం ఆమె తరఫున సంతకం కాదు.

విచిత్రం ఏమిటంటే, ఈ తేడా నాకు చూపించింది సురేఖే. దాదీసా మెత్తబడిన రోజుల ఎపిసోడ్లు మళ్ళీ చూడండి. కన్నీళ్ళు పెట్టుకున్నా ఆ చూపు ఎదుటివాళ్ళని బతిమాలదు. నా బాల్యం చూడండి, అందుకే ఇలా అయ్యాను అనే అభ్యర్థన రచయితలు మాటల్లో రాసి ఉండవచ్చు, ఆమె ముఖం మాత్రం దాన్ని పలకదు. గతం ఉంది, అది కనబడుతుంది. కానీ దాన్ని చెల్లని చెక్కులా మనకి అంటగట్టదు. ‘ఎందుకంటే’ అనదు. అందువల్ల చూసే మనకి ఒక కష్టమైన జాగా మిగులుతుంది. ఆమె ఎలా ఇలా అయిందో పూర్తిగా తెలుసు, అయినా ఆమె చేసింది చేసినట్టే ఉంది. ఆ జాగాలో కూర్చుని అమ్మమ్మ గురించి ఆలోచించడం నేర్చుకున్నాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ప్రేమ తగ్గలేదు. అత్తయ్య దగ్గర అమ్మమ్మ తరఫున వకాల్తా పుచ్చుకోవడం మాత్రం మానేశాను. ఆవిడ చెబితే వింటాను.

‘బధాయీ హో’ (2018)లో అత్తగారి పాత్ర ఆమెకి మూడో జాతీయ అవార్డు తెచ్చింది. పెళ్ళీడుకొచ్చిన కొడుకుండగా గర్భం దాల్చిన కోడలిని మొదట నానా మాటలూ అన్న అత్త, తర్వాత పెళ్ళివారింట్లో బంధువులు అదే పని చేస్తుంటే విరుచుకుపడుతుంది. తనకి చేసింది ఈ కోడలేనని అందరి ముందూ చెబుతుంది. జనం చప్పట్లు కొట్టిన సీను. నాకు నచ్చింది ఏమిటంటే, అది క్షమాపణ కాదు, సాక్ష్యం. చాలామంది కోడళ్ళకి క్షమాపణకంటే సాక్ష్యమే ఎక్కువ అవసరం. నలుగురిలో ఒకసారి, ఇది జరిగింది, ఈమె చేసింది, అని చెప్పేవాళ్ళు. అత్తయ్యకి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

2018లోనే షూటింగులో ఉండగా ఆమెకి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. 2019 డిసెంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతులమీదుగా జాతీయ అవార్డు అందుకోవడానికి చక్రాల కుర్చీలో వచ్చింది. సభ లేచి నిలబడింది. 2020 మొదటి రోజున విడుదలైన ‘ఘోస్ట్ స్టోరీస్’లో జోయా అఖ్తర్ భాగంలో మంచంపట్టిన వృద్ధురాలిగా కనిపించింది. స్ట్రోక్ తర్వాతి తన శరీరాన్నే పాత్రకి ఇచ్చిందనిపించింది నాకు. భయపెట్టింది కూడా.

ఆ మే నెలాఖరున మహారాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ నిబంధనల్లో అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళని షూటింగులకి రానివ్వకూడదంది. ఆ వయసు నటులమీద జాలితో సాయం చేస్తామన్నవాళ్ళూ బయల్దేరారు. ఆమె పత్రికలవాళ్ళతో తనకి దానం అక్కర్లేదని, పని కావాలని, గౌరవంగా సంపాదించుకుంటానని చెప్పింది. డెబ్భై ఐదేళ్ళ వయసులో, స్ట్రోక్ తర్వాత. జాలిని ఆమె పాత్రలు కూడా ఇలాగే వెనక్కి పంపేవి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. సెప్టెంబరులో ఆమెకి రెండోసారి స్ట్రోక్ వచ్చింది. 2021 జూలై 16న ముంబైలో గుండె ఆగి చనిపోయింది.

లాక్‌డౌన్‌లో కొత్త షూటింగులు లేక చానళ్ళన్నీ పాత సీరియళ్ళు తిరగేశాయి. కలర్స్‌లో ‘బాలికా వధూ’ మొదటినుంచీ వేశారు. సురేఖా సిక్రీని సెట్‌లోకి రానివ్వని ఆ ఏడాదిలో దాదీసా మళ్ళీ సాయంత్రాలు ఇళ్ళలోకి వచ్చింది, ఏమీ మారకముందు దాదీసా. అత్తయ్య ఇప్పుడు తనే టీవీ ముందు కూర్చుంటుంది. ఆ సీరియల్ మాత్రం పెట్టలేదట.